పూతరేకుల అంగడి వెబ్‌సైటు గూగుల్‌లో దొరకాలంటే: మొదటి అడుగు నుంచి

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి ఊరూరికీ కొరియర్‌లో పంపే ఒక చిన్న దుకాణాన్ని అనుకుందాం. డబ్బు పెట్టి వెబ్‌సైటు చేయించారు. షాపు పేరు కొడితే సైటు వస్తోంది. ‘బెల్లం పూతరేకులు ఆన్‌లైన్’ అని కొడితే మాత్రం ఎక్కడా లేదు. షాపు పేరు ముందే తెలిసినవాళ్లు ఎలాగూ ఫోన్ చేస్తారు. సైటు కావలసింది పేరు తెలియనివాళ్ల కోసం, వాళ్లకే అది కనబడటం లేదు.

ఇలాంటి సైట్లు వెనకబడటానికి పోటీ కంటే పెద్ద కారణం వేరే ఉంది. కొనేవాళ్లు అడిగే సంగతులన్నీ ఫోటోల్లో, వాట్సాప్ జవాబుల్లో, యజమాని నోట్లో ఉంటాయి. సైటులో అక్షరాల రూపంలో ఉండవు. గూగుల్ చదివేది ముఖ్యంగా అక్షరాలనే. కింద చెప్పే పనుల్లో సగం సైటులోకి గూగుల్ రాకకు ఉన్న అడ్డంకులు తీసేవి, మిగతా సగం ఆ సంగతుల్ని పేజీలకు ఎక్కించేవి. చీరలమ్మినా, పచ్చళ్లమ్మినా, మోటార్లు బాగుచేసినా వరుస ఇదే.

1. ముందు తాళాలు మీ చేతికి రావాలి

డొమైన్ (సైటు చిరునామా) ఎవరి ఈమెయిలు మీద కొన్నారో చూడండి. చాలా చోట్ల సైటు చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో ఉంటుంది. అతను ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోతే, రెన్యువల్ తేదీ దాటాక సైటు పోతుంది. దాంతోపాటు గూగుల్‌లో ఇన్నాళ్లూ కూడిన గుర్తింపూ పోతుంది. డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వరు ఖాతా), సైటు అడ్మిన్ లాగిన్ ఈ మూడూ షాపు ఈమెయిలు మీదకి మార్పించుకోండి. డొమైన్‌కు ఆటో రెన్యువల్ పెట్టండి. డిజైనరుకు కావలసినంత అనుమతి విడిగా ఇవ్వొచ్చు.

2. గూగుల్‌లో అసలు ఉన్నారా?

సెర్చ్ పెట్టెలో ‘సైట్’ అనే మాటను ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ రాయండి. గూగుల్‌కు తెలిసిన మీ పేజీలు వస్తాయి. ఇది ఉజ్జాయింపు లెక్క. అసలు లెక్క గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉంటుంది. గూగుల్‌లో మీ సైటు పరిస్థితిని యజమానికి చూపించే సాధనం అది, పూర్తిగా ఉచితం.

సెర్చ్ కన్సోల్‌లో సైటును చేర్చేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. ‘డొమైన్’ అన్నదే ఎంచుకోండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామా, లేనిది, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అన్నీ దాని కిందకే వస్తాయి. గూగుల్ ఒక టీఎక్స్‌టీ రికార్డు (సైటు మీదేనని రుజువు చేసే చిన్న కోడు) ఇస్తుంది. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని అతికించాలి. ఒక్కోసారి నిమిషాల్లో, ఒక్కోసారి మర్నాటికి ధృవీకరణ అవుతుంది. అయ్యాక ఆ రికార్డు తీసేయకండి, తీసేస్తే యాజమాన్యం రద్దవుతుంది.

తరువాత సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల చిరునామాల జాబితా. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌లో 5.5 వెర్షన్ నుంచి ఇది దానంతటదే తయారవుతోంది, ఆన్‌లైన్ దుకాణాలు కట్టే షాపిఫైలోనూ అంతే. దాని చిరునామాను సెర్చ్ కన్సోల్‌లోని సైట్‌మ్యాప్స్ పేజీలో ఒకసారి ఇస్తే చాలు, రోజూ ఇవ్వక్కర్లేదు. సైట్‌మ్యాప్ ఇచ్చినంత మాత్రాన అన్ని పేజీలనూ గూగుల్ తీసుకుంటుందన్న హామీ లేదు. ఫలానా పేజీలున్నాయని అది తెలియజేస్తుంది, అంతే.

ఇప్పుడు ఒక్కొక్క ముఖ్యమైన పేజీ చిరునామాను పైన ఉన్న యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ పెట్టెలో వేసి చూడండి. ఇండెక్స్ కాకపోతే, అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకోకపోతే, కారణం కూడా అక్కడే చెబుతుంది. చిన్న సైట్లలో తరచుగా తగిలేవి ఇవి:

- నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని చేర్చుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) వల్ల మినహాయించారు. సైటు తయారవుతున్నప్పుడు బయటికి కనబడకూడదని డిజైనరు పెట్టి, తరువాత తీయడం మరచిపోయింది. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్, అడుగున సెర్చ్ ఇంజన్లను వద్దనే టిక్కు ఉంటుంది. అది తీసేయండి. ఏళ్లతరబడి సైటు గూగుల్‌కు ఎక్కకపోవడానికి ఈ ఒక్క టిక్కే కారణం కావచ్చు.
- రోబోట్స్ ఫైలు (సెర్చ్ ఇంజన్ల రోబోట్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పేది) ఆపింది. మీ డొమైన్ చివర రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని కొట్టి ఆ ఫైలు తెరవండి. అందరు రోబోట్లకూ వర్తించే భాగంలో ‘డిస్‌అలో’ పక్కన ఒంటరిగా ఒక్క ఏటవాలు గీత ఉంటే సైటు మొత్తాన్ని ఆపేసినట్టు. ఇందులో ఇంకో మెలిక ఉంది. రోబోట్స్ ఫైలులో ఆపిన పేజీని గూగుల్ తెరవదు కాబట్టి ఆ పేజీలో నోఇండెక్స్ ఉన్నా దానికి తెలియదు. ఒక పేజీ గూగుల్‌లో రావొద్దనుకుంటే నోఇండెక్స్ పెట్టి, రోబోట్స్ ఫైలులో మాత్రం దాన్ని ఆపకుండా వదిలేయాలి.
- క్రాల్ చేశాం (పేజీ తెరిచి చదివాం) కానీ ఇండెక్స్ చేయలేదు. సాంకేతికంగా అడ్డేమీ లేదు. పేజీలో చెప్పుకోదగ్గ విషయం లేకపోవడమో, మరో పేజీలాగే ఉండటమో సాధారణంగా కారణం. నాలుగో అడుగు దీని కోసమే.
- నకలు పేజీ. ఒకే పేజీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో, అది లేకుండా, ఎస్ ఉన్న హెచ్‌టీటీపీతో, లేనిదానితో నాలుగు చిరునామాల్లో తెరుచుకుంటోంది. ఎస్ ఉన్నవాటిలో ఒక్కదాన్ని ఉంచి, మిగతా మూడింటినీ 301 రీడైరెక్ట్‌తో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపుతో) దాని మీదికి తిప్పమని హోస్టింగ్ వాళ్లకు చెప్పండి.

సరిచేశాక ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ ఒకసారి నొక్కితే చాలు. అదే పేజీకి పదిసార్లు నొక్కితే త్వరగా అయ్యేదేమీ లేదు, రోజువారీ పరిమితి మాత్రం ఖర్చయిపోతుంది.

3. కొనేవాళ్లు ఏ మాటలతో వెతుకుతున్నారు

దీనికి ఖరీదైన సాధనాలేవీ అక్కర్లేదు. షాపు వాట్సాప్ తెరిచి, కిందటి రెండు మూడు నెలల్లో కొత్తవాళ్లు అడిగిన మొదటి ప్రశ్నను ఒక పుస్తకంలో రాసుకుంటూ వెళ్లండి. ‘బెల్లంవి ఉన్నాయా?’, ‘పెట్టెలో ఎన్నొస్తాయి?’, ‘హైదరాబాదుకు ఎన్ని రోజులు?’, ‘కొరియర్‌లో విరగవా?’, ‘అమెరికాకు పంపుతారా?’, ‘పెళ్లికి వెయ్యి కావాలి, రేటెంత?’ ఇవే గూగుల్‌లో కొడుతున్న మాటలు కూడా. తరువాత గూగుల్ పెట్టెలో ‘పూతరేకులు’ అని కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలన్నీ రాసుకోండి. సెర్చ్ కన్సోల్‌లో కొంత డేటా చేరాక, ‘పెర్ఫార్మెన్స్’ పేజీలో ఏ మాటలకు మీ సైటు కనిపించిందో అసలు జాబితా దొరుకుతుంది.

తెలుగువాళ్లతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన సరుకు పేర్లను ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. ‘పూ’ కోసం ఒకరు ‘యు’ వాడితే మరొకరు రెండు ‘ఓ’లు వాడతారు. ‘త’ దగ్గర ఒకరు ‘హెచ్’ చేరిస్తే మరొకరు వదిలేస్తారు. ఇలా ఒక్క పేరుకే నాలుగు రూపాలు. ఇలాంటి తేడాలు చాలావరకు గూగుల్ తానే పోల్చుకుంటుంది. ఎక్కువగా వాడే స్పెల్లింగును పేజీ టైటిల్‌లో (గూగుల్ ఫలితాల్లో లింకుగా కనబడే మాటల్లో) పెట్టండి, రెండోదాన్ని పేజీ లోపల ఒక వాక్యంలో సహజంగా రానివ్వండి, తెలుగు లిపిలో పేరు ఒక శీర్షికలో ఉండనివ్వండి. నాలుగింటినీ పేజీ అడుగున వరుసగా పేర్చడం, తెల్ల రంగు అక్షరాలతో దాచడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. పాత పద్ధతిలో మెటా కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడులో దాచి రాసే మాటల జాబితా) నింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

4. ఒక అవసరానికి ఒక పేజీ

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. అన్ని రకాలూ, అన్ని సంగతులూ హోమ్ పేజీలోనే కుక్కితే ఏ మాటకూ అది సరైన జవాబు కాదు. మన పూతరేకుల దుకాణానికి మొదట ఎనిమిది పేజీలు చాలు: హోమ్, బెల్లం పూతరేకులు, పంచదార పూతరేకులు, డ్రైఫ్రూట్ పూతరేకులు, మామిడి తాండ్ర, డెలివరీ వివరాలు, పెళ్లిళ్లకు పెద్ద ఆర్డర్లు, మా గురించి. ఫోన్, చిరునామా అన్ని పేజీల అడుగునా ఉండాలి.

బెల్లం పూతరేకుల పేజీని దగ్గరగా చూద్దాం. మామూలుగా అక్కడ ఉండేది ఒక ఫోటో, ధర, ‘నోరూరించే రుచి, అత్యుత్తమ నాణ్యత’ అనే ఒక వాక్యం. ఈ వాక్యం ఏ మిఠాయికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ పనికిరాదు. దాని బదులు వీటిని రాయండి: పెట్టెలో ఎన్ని చుట్టలు, బరువు ఎన్ని గ్రాములు, లోపల ఏమేమి వేస్తారు, నెయ్యి ఏది, రేకు దేనితో తీస్తారు, బయట ఎన్నాళ్లు ఆగుతాయి, ఫ్రిజ్‌లో పెట్టొచ్చా, పెడితే రేకు మెత్తబడుతుందా, కొరియర్‌కు ఎలా సర్దుతారు, విరిగి వస్తే ఏం చేస్తారు. దాంతోపాటు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు. ఇవన్నీ మీకు కంఠతా వచ్చిన సంగతులే. ఫోన్‌లో కస్టమరుకు చెప్పినట్టే మూడు నాలుగు వందల మాటల్లో రాస్తే, వేరే దుకాణం సైటులో దొరకని పేజీ తయారవుతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు పెట్టి వెతికేవాళ్లు ఉన్నారు కాబట్టి సరుకు అక్కడే తయారయ్యేటట్లయితే ఆ సంగతి, ఊరు, మండలం, జిల్లా పేజీలో స్పష్టంగా రాయండి. తయారయ్యేది వేరేచోట అయితే ఆ ఊరి పేరు తగిలించుకోకండి.

ధరల పట్టికను ఫోటోగా పెట్టడం చాలా దుకాణాలు చేసే పని. కరపత్రం కోసం చేయించిన డిజైనే సైటుకు ఎక్కుతుంది. ఫోటోలోని ధరల మీద గూగుల్ ఆధారపడదు, ఫోన్‌లో చూసేవాళ్లు పెద్దది చేసుకోవాల్సి వస్తుంది, ధర మారితే మళ్లీ డిజైనరు కావాలి. పట్టికను అక్షరాల్లోనే కట్టండి.

డీటీపీ సెంటర్లో కొట్టించిన తెలుగు మాటరును తెచ్చి సైటులో అతికించడం ఇంకా పెద్ద ప్రమాదం. అను ఫాంట్లతో కొట్టినది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగల అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేనిచోట అది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజిగా కనిపిస్తుంది, గూగుల్‌కూ అలాగే అందుతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు, సున్నాలు ఒక్కసారి కళ్లతో చూసుకోవాలి. పరీక్ష తేలిక: సైటులోంచి ఒక తెలుగు మాట కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగులోనే పడితే యూనికోడ్.

తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలంటే ఒకే పేజీలో కలపకుండా వేరు వేరు చిరునామాల్లో పెట్టి, ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులతో ఒకదానికొకటి జత చేయండి. యంత్రం చేసిన అనువాదాన్ని చదవకుండా ఎక్కించకండి. పేజీ చిరునామా మాత్రం రెండింటికీ ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా, మాటల మధ్య అడ్డగీతతో ఉండటం మేలు. తెలుగు అక్షరాల చిరునామా గూగుల్‌కు ఇబ్బంది కాదు గానీ, కాపీ చేసి పంపినప్పుడు శాతం గుర్తులు, అంకెల పొడుగాటి గొలుసుగా మారిపోతుంది. అది చూసి మోసం లింకేమోనని జనం నొక్కరు.

ఊరికొక పేజీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు: ‘హైదరాబాదులో పూతరేకులు’, ‘వైజాగులో పూతరేకులు’ అని ఊరి పేరు మార్చి ముప్ఫై పేజీలు. వీటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, అది నియమాల ఉల్లంఘన. అవే ఊళ్లను డెలివరీ పేజీలో ఒక పట్టికగా కట్టి, ఏ ఊరికి ఎన్ని రోజులు, ఎంత చార్జీ, ఏ కొరియరు అని రాయండి. అమెరికా, గల్ఫ్ దేశాలకు నిజంగా పంపేటట్లయితే దానికి విడిగా ఒక పేజీ ఉండొచ్చు. కనీస బరువు, చార్జీ, పట్టే రోజులు, అక్కడి కస్టమ్స్ సంగతి చెప్పడానికి అందులో చాలినంత సరుకుంది. వందల కొద్దీ వ్యాసాలు ఏఐతో రాయించి నింపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2024 మార్చిలో గూగుల్ దీని మీద ప్రత్యేకంగా నియమం పెట్టింది.

మామిడి తాండ్ర లాంటి సీజను సరుకు అయిపోయినప్పుడు పేజీ తీసేయకండి. ‘మళ్లీ వేసవిలో’ అని రాసి ఉంచండి. ప్రతి ఏడాదీ అదే చిరునామాను వాడితే ఆ పేజీకి వచ్చిన లింకులు, గుర్తింపు నిలుస్తాయి. సంక్రాంతి ఆర్డర్ల పేజీ కూడా అంతే. జనవరి మొదటి వారంలో పెడితే ఆ పండగకు అందదు, దసరా దాటగానే సిద్ధం చేసుకోవాలి.

5. టైటిల్, శీర్షికలు, ఫోటోలు

ప్రతి పేజీకీ వేరే టైటిల్ ఉండాలి. ‘హోమ్’ అనో, అన్నిటికీ షాపు పేరొక్కటే అనో ఉండకూడదు. సరుకు పేరు, ఊరు, ఆ తరువాత షాపు పేరు, ఈ వరుస బాగుంటుంది: ‘బెల్లం పూతరేకులు, ఆత్రేయపురం నుంచి నేరుగా’ అని మొదలుపెట్టి చివర షాపు పేరు. గూగుల్ వెడల్పును బట్టి టైటిల్‌ను కత్తిరిస్తుంది. ఇంగ్లీషులో సుమారు 55, 60 అక్షరాల దాకా కనబడుతుంది, తెలుగు అక్షరాలు వెడల్పెక్కువ కాబట్టి ఇంకా తక్కువ. ముఖ్యమైన మాట ముందుండాలనేది ఇందుకే. మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద కనబడే వివరణ) ర్యాంకును పెంచదు, కానీ నొక్కాలా వద్దా అని చదివేవాళ్లు తేల్చుకునేది దాన్ని చూసే. ధర ఎంత నుంచి మొదలు, ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్నవి అక్కడ పెట్టండి.

ఫోటోలను కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించొద్దు. వెడల్పు 1200 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలోకి మార్చి, ఒక్కోటి 200 కేబీ లోపు ఉండేట్టు చూడండి. ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటోకు జతగా రాసే వివరణలో) బొమ్మలో ఉన్నదే చెప్పండి: ‘అరటి ఆకు మీద నాలుగు బెల్లం పూతరేకులు, ఒకటి విప్పి ఉంది’ అని.

6. వేగం

గూగుల్ చూసేది మీ సైటు మొబైల్ రూపాన్నే. కంప్యూటరు రూపంలో ఉంచి ఫోన్ రూపంలో తీసేసిన సమాచారం లేనట్టే లెక్క. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చిరునామా వేసి, ముఖ్యంగా మూడు కొలతలు చూడండి. పేజీలోని పెద్ద బొమ్మో, పెద్ద అక్షరాల భాగమో కనబడటానికి 2.5 సెకన్ల లోపు, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్ల లోపు, అక్షరాలు అటూ ఇటూ జరిగే కొలత 0.1 లోపు ఉంటే మంచిది. చిన్న సైట్లను ఎక్కువగా చెడగొట్టేది హోమ్ పేజీ పైన తిరిగే అయిదారు బొమ్మల స్లైడరు. దాన్ని తీసి ఒక్క బొమ్మ ఉంచండి. ఆ పై బొమ్మకు లేజీ లోడింగ్ (చూసేవాళ్లు అక్కడికి వచ్చేదాకా బొమ్మను తెరవకుండా ఆపడం) పెట్టొద్దు, కింద ఉన్నవాటికి పెట్టండి. వాడని ప్లగిన్లు (సైటుకు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాములు) తీసేయండి. స్కోరు 100 తెచ్చుకోవాలని వారాలు పోగొట్టుకోనక్కర్లేదు. విషయం లేని పేజీని వేగం ఒక్కటే పైకి తేలేదు.

7. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

గూగుల్ మ్యాప్స్‌లో, సెర్చ్‌లో మీ షాపు వివరాలు చూపించే ఖాతా ఇది. దగ్గర్లో ఉన్నవాళ్లు, దారిన పోతూ మ్యాప్‌లో వెతికేవాళ్లు వచ్చేది దీని నుంచే. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. పేరు పక్కన ‘బెస్ట్ పూతరేకులు ఆత్రేయపురం’ అని తగిలిస్తే ప్రొఫైల్ నిలిపివేసే ప్రమాదముంది. ప్రధాన కేటగిరీ మిఠాయి దుకాణం. పని వేళలు, పండగ రోజుల వేళలు సరిగా నింపండి. ఇంటి నుంచే చేసి మీరే స్వయంగా కొనేవాళ్లకు అందిస్తూ, వాళ్లు ఇంటికి రానక్కర్లేకపోతే చిరునామా దాచి, సేవలందించే ప్రాంతాలు ఇవ్వాలి. ధృవీకరణకు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు: వీధి, బోర్డు, లోపలి భాగం, షాపు మీదేనని తెలిపే బిల్లింగ్ కౌంటరో లైసెన్సో, అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి.

సమీక్షలు అడగండి. పార్సిల్ చేరిన రోజున ఒక లింకు పంపి అడగడం తప్పు కాదు. డిస్కౌంటు ఇస్తామని రాయించుకోవడం, కొనుక్కోవడం నియమాలకు విరుద్ధం. విరిగి వచ్చాయని ఎవరైనా రాస్తే, ఏం సరిచేశారో చెబుతూ మర్యాదగా జవాబివ్వండి, తరువాత కొనేవాళ్లు దాన్ని చదువుతారు.

పేరు, చిరునామా, ఫోన్ నంబరు సైటులో, ప్రొఫైల్‌లో, జస్ట్‌డయల్ లాంటి జాబితాల్లో ఒకేలా ఉండాలి. పాత నంబరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతికి మార్పించండి.

8. స్ట్రక్చర్డ్ డేటా, లింకులు

సరుకు పేజీల్లో ‘ప్రొడక్ట్’, షాపు పేజీలో ‘లోకల్‌బిజినెస్’ స్కీమా (పేజీలోని వివరాలను గూగుల్‌కు అర్థమయ్యేలా విడగొట్టి చెప్పే కోడు) పెడితే ధర, స్టాకు గూగుల్‌కు తికమక లేకుండా అందుతాయి. షాపిఫై, వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటును దుకాణంగా మార్చే ప్లగిన్) చాలావరకు ఇది చేసిపెడతాయి. అది సరిగా ఉందో లేదో గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో చూసుకోండి. పేజీలో ఒక ధర, స్కీమాలో పాత ధర ఉండకూడదు. మీ షాపుకు మీరే అయిదు నక్షత్రాలు రాసుకుంటే గూగుల్ చూపించదు.

లింకుల విషయంలో నిజమైన సంబంధాలే వాడుకోండి. మీ సరుకు అమ్మే హైదరాబాదు స్వీటు షాపు, మీరు సరఫరా చేసిన కేటరింగ్ సంస్థ, మీ ఊరి గురించి రాసిన పత్రిక తమ సైట్ల నుంచి మీకు లింకు ఇవ్వగలవు. అయిదు వేల రూపాయలకు వెయ్యి లింకులు అన్నవాళ్లను పంపించేయండి. ‘మొదటి పేజీ గ్యారంటీ’ అని ఫోన్ చేసేవాళ్లనూ అంతే. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది.

9. నెలకొక గంట

సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, ముందు ఎక్కువసార్లు కనిపించినా తక్కువసార్లు నొక్కిన మాటలు చూడండి. అక్కడ టైటిల్, డిస్క్రిప్షన్ తిరగరాయాలి. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న మాటలు ఇంకా ముఖ్యం. ఆ పేజీలో కొనేవాళ్ల ప్రశ్న ఏది మిగిలిపోయిందో చూసి రాయండి, హోమ్ పేజీ నుంచి దానికి లింకు ఇవ్వండి. మన వ్యాపారాలు పండగలను బట్టి నడుస్తాయి కాబట్టి జనవరిని డిసెంబరుతో కాకుండా కిందటి జనవరితో పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది, దీనికి సరిపోతుంది.

ఫలితాలు తేలడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టడం మామూలే. మూడో వారానికే అంతా మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్ బింగ్‌కు విడిగా కష్టపడనక్కర్లేదు, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి సెర్చ్ కన్సోల్ వివరాలను నేరుగా దిగుమతి చేసుకోవచ్చు.

ఎప్పుడైనా సైటు కొత్తగా కట్టిస్తే, పని మొదలవక ముందే పాత పేజీల చిరునామాలన్నీ ఒక షీటులో రాసి, పక్కన కొత్తవి రాయించండి. ప్రతి పాతదాన్నీ దానికి సరిపోయే కొత్తదాని మీదికి 301తో తిప్పాలి. అన్నిటినీ హోమ్ పేజీకి తిప్పేస్తే గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కవేయవచ్చు. ఆ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉండాలి. కొత్త సైటు తెరిచిన రోజునే రెండో అడుగులో చెప్పిన టిక్కు మళ్లీ పడి ఉందేమో చూడండి, డిజైనర్లు కొత్త సైటు కట్టేటప్పుడు దాన్ని పెడతారు.